కళ్ళు లేని డ్రాగన్

ఇబ్రహీంపట్నంలో టీ కొట్టు ముందు నిలబడ్డ మనిషిని కిరీటి కాల్చి చంపాడు. పాపం, ఆ మనిషి గ్లాసులో టీ సగం కూడా తాగలేదు. అయినా కిరీటి చేసింది తప్పే. చంపినందుకు కాదు, గుండెల మీద కాల్చినందుకు. చొక్కా లోపల దాచిన గుడ్డ కాస్తా నెత్తురుతో తడిసిపోయింది.

"గుడ్డ పాడు చేశావు," అంది నిఘా విభాగం చీఫ్ రాజ్యలక్ష్మి. మనిషి సంగతి ఎత్తలేదు. "అదే పాస్‌వర్డ్. హరిబాబు ముఠాకి దాన్ని మోస్తున్న కొరియర్ మొహం అక్కడ ఎవరికీ తెలియదు. రేపు ఆ కొరియర్‌వి నువ్వే."

"గుడ్డ మీద ఏముంది?"

"చైనా డ్రాగన్. కాలికి ఐదు గోళ్ళు, చక్రవర్తుల రకం. నాలుగుంటే నకిలీ. కళ్ళు మాత్రం ఖాళీ. అందుకున్నవాడే కళ్ళు దిద్దాలి. వాళ్ళకి చైనాతో ఏ చుట్టరికమూ లేదు, పురాణం అరువు తెచ్చుకున్నారంతే. చైనా కథల్లో డ్రాగన్ అంటే నదులకి రాజు."

"కళ్ళు దిద్దాక?"

"హరిబాబు లాప్‌టాప్‌లో ఒక్క కీ నొక్కుతాడు. ఇంత వరదలో బ్యారేజి గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దిగువ లంకల్లో ముప్పై వేల మంది ఉన్నారు. వాడి మకాం రోజుకో చోట, చివరి గంటలో గానీ సెక్రటరీకి కూడా చెప్పడు. నిన్ను అక్కడికి తీసుకెళ్ళేది వాడి సెక్రటరీ జెస్సికా. రెండు నెలలుగా మన మనిషే."

పెడనలో కలంకారీ వేసే భద్రమ్మ రాత్రంతా కూర్చుని అలాంటిదే ఇంకో గుడ్డ వేసింది. కళ్ళు పెట్టొద్దని కిరీటి మూడుసార్లు చెప్పాడు. పొద్దున్నే వెళ్ళేసరికి మడతపెట్టి, దారం కట్టి ఉంచింది.

"ఒక్కసారి విప్పి చూసుకోండి బాబూ."

"టైం లేదమ్మా," అంటూ పాత గుడ్డ మీంచి ఊడదీసిన ముఠా లక్క ముద్ర మడత మీద అంటించి కారెక్కాడు. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అన్నారా!

బెజవాడలో జెస్సికా కారెక్కింది. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. కిరీటి మాత్రం ఆమె చేతులే చూశాడు. చున్నీ కొసని మెలిపెడుతున్నాయి.

"కూచిపూడిలో నాలుగు గదుల ఇల్లు చూశానండీ. పిల్లలకి డాన్స్ నేర్పుకుంటాను. ఇవాళ్టితో నన్ను వదిలేస్తారు కదా, కిరీటి గారూ?"

"ఒట్టు," అన్నాడు కిరీటి. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

పటమటలో ఒక బట్టల గోడౌన్ పై అంతస్తు. బల్ల మీద లాప్‌టాప్, సిరా గిన్నె, కుంచె. హరిబాబు లేచి నమస్కారం పెట్టాడు.

"రండి సార్, కూర్చోండి. కాఫీ తాగుతారా? పూర్వం చైనాలో ఒకాయన గుడి గోడ మీద నాలుగు డ్రాగన్లు వేశాడటండీ. కళ్ళు పెడితే ఎగిరిపోతాయన్నాడు. జనం నవ్వారు. సరేనని రెండిటికి పెట్టాడు. పిడుగు పడి గోడ బద్దలైంది. ఆ రెండూ ఎగిరిపోయాయి." కుంచె సిరాలో ముంచాడు. "ఇవాళ మనదీ ఎగరాలి."

వాచీలో విషపు సూది పెట్టుకున్న కిరీటి ఆ ఘడియ కోసమే చూస్తున్నాడు. ఒక చేత్తో గుడ్డ, రెండో చేత్తో కుంచె పట్టుకున్నవాడు కీ నొక్కలేడు.

హరిబాబు ముద్ర తెంచి మడత విప్పాడు. పొలుసులు బాగున్నాయి. గోళ్ళు ఐదూ ఉన్నాయి. పైనుంచి రెండు పెద్ద కళ్ళు, కాటుక దిద్దిన అమ్మవారి కళ్ళు, గుడ్లురిమి చూస్తున్నాయి.

కొంప మునిగింది.

కుంచె కింద పడింది. హరిబాబు కుడి చేతిలోకి పిస్టల్ వచ్చింది. ఎడమ చెయ్యి మెల్లగా లాప్‌టాప్ వైపు జరుగుతోంది.

"ఎవరు సార్ దీన్ని విప్పింది?"

బల్లకీ కిరీటికీ మధ్య ఆరడుగులు. పిస్టల్ ఒక్క సెకను పక్కకి తిరిగితే చాలు. కిటికీ దగ్గర జెస్సికా నిలబడి ఉంది. ఒట్టు వేసినవాడు కదా, ఏదో ఒకటి చేస్తాడని అతని వైపే చూస్తోంది.

"మీ మేడమ్‌నే అడగండి," అన్నాడు కిరీటి. "కార్లో విప్పింది ఆవిడే."

"కిరీటీ!" అని అరిచింది జెస్సికా.

కొరియర్ అసలు పేరు ఆ గదిలో ఎవరికీ తెలియకూడదు, ఆమెకి తెలిసింది. హరిబాబు ఇంకేమీ అడగలేదు. అటు తిరిగి రెండుసార్లు కాల్చాడు. ఆ సెకనులోనే కిరీటి వాచీలోంచి దూసుకొచ్చిన విషపు సూది అతని మెడలో దిగింది. కిరీటి బల్ల మీదకి దూకి, కీ మీదకి ఒరుగుతున్న ఆ ఎడమ చేతిని వేలు తగిలేలోపు పక్కకి లాగేశాడు.

లంకల్లో జనం మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నారు. వాళ్ళకేం తెలుసు?

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళుంటారు. కిరీటి ఏరు మధ్యలోనే తగలేశాడు. జెస్సికా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చూపు ఇంకా అతని వైపే ఉంది. సిగ్గేసింది. జేబులో ఫోన్ మోగింది. భద్రమ్మ.

"కోప్పడకండి బాబూ. మీరు వద్దన్నారు గానీ, కళ్ళు లేని బొమ్మ గడప దాటితే ఎవరికో కీడని మా అత్తగారు చెప్పేది. మనసొప్పక తెల్లారగట్ల తలస్నానం చేసి నేనే పెట్టాను. చూసుకోమన్నాను, మీరు చూడలేదు. కళ్ళు బాగా కుదిరాయా?"

కిరీటి రెండు వేళ్ళతో జెస్సికా రెప్పలు మూశాడు.

"బాగా కుదిరాయమ్మా. ఈసారి నాకూ ఓ జత పెట్టు."