పన్నెండూ నలభైకి కదిలే సూది

యోహాను మరణించి మూడు నెలలయినా, ప్రతిరోజూ మధ్యాహ్నం పన్నెండూ నలభైకి అతడు ఉద్యోగానికి వస్తూనే ఉన్నాడు.

హైదరాబాదులో గూఢచారి శాఖాధిపతి అహ్మద్ అలీ ఒక చార్టును బల్లపై పరిచాడు. 1988 ఆగస్టు. చార్టు అమ్రాబాద్ అడవిలోని పరీక్షాకుటీరం నుంచి వచ్చింది. ఉపగ్రహంలో అమర్చి అంతరిక్షపు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్‌ను అక్కడ పరీక్షిస్తున్నారు. సమీపంలో ఇనుము కదిలితే చార్టుపై సూది కదులుతుంది.

"ఈ వంపు యోహానుది. తొడలో ఉక్కు కడ్డీ ఉన్న శాస్త్రవేత్త అక్కడ అతడొక్కడే. మూడు నెలల కిందట జీపులో కాలిన శవంలో ఆ కడ్డీ ఉందా, మెహమూద్?"

ఏజెంట్ మెహమూద్ తల వంచాడు. "చూడలేదు, సార్. చేతి గడియారం చూసి యోహానే అని సంతకం చేశాను."

"విదేశీ ముఠాకు మన కొలతలు అందుతున్నాయి. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు సెన్సర్ ప్రయోగకేంద్రానికి బయలుదేరుతుంది. దానిపై ఒక్కసారి అయస్కాంతం రుద్దితే చాలు, ఉపగ్రహం దిక్కు తెలియక దొర్లిపోతుంది."

మరునాటి ఉదయం మెహమూద్ కొత్త వంటవాడి వేషంలో అమ్రాబాద్ చేరాడు. ఇనుము వాడకుండా రాగి మేకులతో కట్టిన కుటీరం అది. కావలివాడు బీరన్న అతని బెల్టు కూడా విప్పించాడు. మెహమూద్ పిస్టల్ అంతకుముందే వంటింటి పిండిడబ్బాలో చేరింది. దానితో లోపలికి వెళ్తే పరీక్షే పాడవుతుంది.

"నీ రొట్టెను మా గొర్లు గూడ ముట్టవు, భాయ్," అన్నాడు బీరన్న. "అయినా యోహాను సారుకు ఒకటి పక్కకు పెట్టు. మేం తినేటాళ్లకు ఆయన ఆత్మ వస్తది."

"పెద్ద సార్లు గిది నమ్ముతరా?"

"నమ్మం అనే అంటరు. కానీ గా యాళ్లకు చార్టు మీద పడ్డ గీతకు సిలువ గుర్తు పెట్టి, లెక్కలకెళ్లి తీసేస్తరు. మంచిమనిషి గద, పాపం."

"మరి రొట్టె తింటడా?"

"తింటడు. బతికున్నప్పటి లెక్కనే, మిరపకాయ పక్కకు పెట్టి."

మెహమూద్ ఒక రొట్టె పక్కన పెట్టాడు.

పన్నెండున్నరకు అందరూ భోజనాలకు వెళ్లారు. మెహమూద్ కుటీరంలో ఒంటరిగా సూదినే చూస్తూ నిలబడ్డాడు. పన్నెండూ నలభైకి అది వణికింది. తెలిసిన వంపునే గీసింది. కానీ అక్కడ ఆగక, కాగితం అంచు వరకు పోయింది.

మృతుడు నేడు ఆయుధంతో వస్తున్నాడు.

కుంటుతూ యోహాను ప్రవేశించాడు. ఒక చేతిలో పిస్టల్, మరో చేతిలో అయస్కాంతం.

"మావోళ్లు నీ ఫొటో చూపిండ్రు, మెహమూద్. నా సావుకు సంతకం పెట్టింది నువ్వేనంట గద. శుక్రియా."

"జీపులో కాలింది ఎవరు?"

"పేరు అడగలే. లిఫ్టు అడిగిండు, ఎక్కించుకున్న."

అయస్కాంతం సెన్సర్‌కు బెత్తెడు దూరంలోకి వచ్చింది.

"సారూ..." మాటలు విని వచ్చిన బీరన్న గుమ్మంలో నిలిచిపోయాడు. "నువ్వు సావలేదా? మూడు నెలలసంది నీకు మొక్కుతున్న."

యోహాను తల తిప్పాడు. ఆ క్షణంలోనే మెహమూద్ చెక్క స్టూలుతో అతని రెండు మణికట్లపైనా కొట్టాడు. పిస్టల్ పేలి, తూటా పైకప్పులోకి దూసుకుపోయింది. అయస్కాంతం ఇసుక నేలపై దూరంగా పడింది.

యోహానును కట్టేసి, సెన్సర్‌ను మళ్లీ పరీక్షించి, రెండు గంటలకే పంపారు.

"అద్భుతం," అన్నాడు అహ్మద్ అలీ ఫోనులో. "కేసు ముగిసింది."

"జీపులోని మనిషి ఎవరో తెలియదు, సార్."

"అది మన శాఖ పని కాదు."

"అందుకే, అతని వాళ్లను వెతకడానికి సెలవు అడుగుతున్నాను."

సెలవు దరఖాస్తులో కారణమనే గడిలో మెహమూద్ "కుటుంబంలో మరణం" అని రాశాడు.