పది దాకా లెక్కపెట్టే ఆడగొంతు

సిరిసిల్లలో, తంగళ్ళపల్లి రోడ్డు పక్కన మూతపడ్డ సాంచల కార్ఖానా ఒకటుంది. మరమగ్గాలన్నీ ఏనాడో పాతసామాను కింద అమ్ముడుపోయాయి. అయినా ఈ మధ్య లోపల ఏదో ఉందంటారు. చీకటి పడ్డాక ఓ ఆడగొంతు లెక్కపెడుతుందట... ఒకటి... రెండు... మూడు... సరిగ్గా పది దాకా. పది కాగానే మనిషిని పట్టుకుంటుందని ప్రచారం. విన్నవాళ్లెవరూ పది దాకా ఆగిన పాపాన పోలేదు, అది వేరే సంగతి!

ఆ రాత్రి లక్ష్మీరాజానికి ఆ దారే దిక్కయింది.

అతని బిడ్డ అక్షితకు పదేళ్లు. రెండేళ్లుగా షుగరు. రోజూ ఇన్సులిన్ సూది పడాల్సిందే. ఆ సంగతి వాడలో ఒక్కరికీ తెలియదు. ఆడపిల్ల, రేపు నలుగురూ నాలుగు మాటలంటారని దాచారు. ఆ రోజు చుట్టాలొస్తే, ఫ్రిజ్ తలుపులో ఉన్న సీసా వాళ్ల కంట పడొద్దని భార్య జమున దాన్ని పైన మంచు పేరుకునే అరలోకి తోసింది. సాయంత్రానికి మందు గడ్డకట్టింది. ఇక పనికిరాదు.

పిల్లకు నోరెండిపోతోంది. మాటిమాటికీ నీళ్లడుగుతోంది. లక్ష్మీరాజం మందుల షాపులన్నీ తిరిగాడు. చవక సీసా అయిపోయిందన్నారు. ఒకచోట పెన్నులా గుచ్చుకునే ఖరీదైన ఇన్సులిన్ ఉంది, కానీ అది అతనికి అందే ధర కాదు. సర్కారు దవాఖానకు పోతే ఊరికే ఇస్తారు. కానీ అక్కడ పనిచేసే ఫైజల్‌ది వీళ్ల వాడే! గేటు దాకా పోయి, ఫైజల్ బండి చూసి వెనక్కి తిరిగాడు. బిడ్డ ప్రాణం కన్నా పరువు ఎక్కువైందా అని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తిరిగాడు.

ఉత్త చేతులతో... అడ్డదారిన... ఆ కార్ఖానా గోడ వెంట.

కరెంటు లేదు. గోడ కూలిన చోటికి వచ్చేసరికి —

"ఒకటి... రెండు..."

కాలు కదలలేదు.

"మూడు... నాలుగు..."

పరుగెత్తాలి. కానీ ఆ లెక్క... అంత నిదానంగా, పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటూ... ఎక్కడో విన్నాడు. ఎక్కడో ఏమిటి, రోజూ తన ఇంట్లోనే! సూది గుచ్చాక మందు బయటికి కారకుండా పది లెక్కపెట్టి తీయమని డాక్టరమ్మ చెప్పింది. అక్షిత లెక్కపెట్టేది అచ్చం ఇట్లాగే.

"తొమ్మిది... పది."

ఫోను లైటు వేశాడు. మూలన తడిగుడ్డ చుట్టిన మట్టికుండ. పక్కన చేతిలో సూదితో, కొంగు పొట్ట మీదికి లాక్కుంటూ... సౌమ్య! పక్కింటి రాములు కొత్త కోడలు.

"కాకా..." ఆమె సూదిని కొంగు చాటున దాచుకుంది. "మా అత్తోల్లకు చెప్పకు. నాకు షుగరని తెలిస్తే తల్లిగారింటికి తోలేస్తరు."

లక్ష్మీరాజం లైటు కిందికి దించాడు. "చెప్ప బిడ్డా. మా అక్షితకు గూడ... గదే. సీసా కరాబైంది. ఇయ్యాల సూది పడలే."

సౌమ్య కుండ దగ్గరికి జరిగింది. "గోడకు గోడ ఉన్నం గద కాకా... ఒకలకొకలం ఎర్కనే లేకపోతిమి."

మందు చల్లగా ఉండాలని దాచుకున్న ఆ కుండలోంచి మూత తీయని సీసా తీసింది. "మా ఊరు కోరుట్లల అగ్గువకు దొరికే దుకాణం ఉన్నది, మా అమ్మ కొని పంపుతది. పేరు సూస్కో, గదేనా?"

అదే.

"తీస్కపో. తగ్గకుంటే మాత్రం దవాఖానకు పో. నామోషీ సూడకు."

తన కన్నా అంత చిన్నదైన సౌమ్య చేత ఆ మాట అనిపించుకున్నందుకు అతనికి తలెత్తబుద్ధి కాలేదు.

ఇంటికి రాగానే అక్షితకు సూది పడింది. తెల్లారేసరికి పిల్ల తేరుకుంది. వంటింట్లో జమునకు జరిగిందంతా గుసగుసగా చెప్పాడు.

"ఎవలకూ అనకు," అన్నాడు చివరికి. "సౌమ్య సంగతీ అనకు, మన సంగతీ అనకు."

గుమ్మంలో అక్షిత నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో... అంతా విన్నట్టే ఉంది.

"బాపూ..." మెల్లగా అడిగింది. "పెద్దగయినంక నేను గూడ గా కార్ఖానలనే సూది ఏసుకోవాల్నా?"

జమున నోట్లో కొంగు కుక్కుకుంది.