గోడవైపు తిరిగిన పాదాలు

బెజవాడ ఆటోనగర్‌లో పొద్దుగూకాక సుబ్బారావు గారి కాంప్లెక్సు వెనక్కి వెళ్ళే మగాడు లేడు. ఇది నేను కళ్ళారా చూసింది కాదు, అక్కడ పనిచేసినవాళ్ళు చెప్పగా విన్నది. విన్నది విన్నట్టు చెబుతాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

కాంప్లెక్సుకి ముందువైపు స్పేర్‌పార్టుల షాపులు. వెనకవైపు ఇంజన్లు పీకేసిన లారీ క్యాబిన్లు వరసగా పడి ఉండేవి. ఆ వరస దాటి వెళితే, ప్రహరీగోడ మూల... ఒక బాత్రూమ్. రేకు తలుపు. లోపల తెల్లటి వెస్ట్రన్ కమోడ్.

దాన్ని పెట్టించింది ఓనరు సుబ్బారావు గారి తండ్రి, వెంకటప్పయ్య గారు. మోకాళ్ళు అరిగిపోయి, కింద కూర్చుంటే లేవలేక, మనిషిని పంపి మద్రాసు నుంచి తెప్పించుకున్నారట. మేస్త్రీ సిమెంటు పూసి, "రెండ్రోజులు ఆరాలండీ, అందాకా కూర్చోకండి" అన్నాడు. ఆయన బుద్ధిగా సరేనన్నారు. రెండో రోజు రాత్రి నిద్రలోనే పోయారు.

అంత ముచ్చటపడి తెప్పించుకున్న దాని మీద ఒక్కసారి... ఒక్కసారైనా కూర్చోలేదు. ఆ కోరిక ఊరికే పోతుందా? చీకటి పడితే ఆయన వస్తారని చెప్పుకునేవారు. ఫ్లష్ లాగిన చప్పుడు వినిపిస్తుంది — వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. దాంతో మెకానిక్కులంతా ఎంత కంపు కొట్టినా ముందున్న బాత్రూమ్‌కే వెళ్ళేవారు.

ఆ దెయ్యం వల్ల బాగుపడింది ఒక్క నజీరాయే.

నజీరా సుబ్బారావు గారి షాపులో కంప్యూటర్ ఆపరేటరు. ఇది రెండువేల మూడు నాటి మాట. ఇరవై రెండేళ్ళ పిల్ల. భవానీపురం నుంచి రెండు సిటీ బస్సులు మారి వచ్చేది. లారీ పేరు చెబితే చాలు, ఏ పార్టు ఏ అరలో ఉందో చూడకుండా చెప్పేది. బందరు, గుడివాడ డ్రైవర్లు ఓనర్ని పలకరించకుండా ముందు "నజీరమ్మ లేరా?" అని అడిగేవారు. అలా అడిగినప్పుడల్లా ఆ పిల్లకి గర్వంగా ఉండేది. వాళ్ళింట్లో ఉద్యోగానికని గడప దాటిన మొదటి ఆడపిల్ల ఆమే మరి.

మొత్తం కాంప్లెక్సులో ఆడవాళ్ళు ఇద్దరే. నజీరా, ఊడ్చి కడిగే తెరేసమ్మ. మగాళ్ళు రాకపోవడంతో ఆ వెనకగది అద్దంలా ఉండేది. పగటిపూట దెయ్యం రాదు కాబట్టి నజీరాకి భయం లేదు. పక్క షాపులో జాన్‌బాబు ఇంజన్లో రెండు ఇనప భాగాల మధ్య పెట్టే కాగితపు గ్యాస్కెట్లు కోస్తుంటే చూసి, పార్సిల్ చుట్టే కాగితాన్ని ఆ మాదిరిగానే మధ్యలో ఖాళీ వదిలి కత్తిరించుకునేది. సీటు మీద పరుచుకోవడం, తర్వాత తీసి బుట్టలో పడెయ్యడం. చక్కగా జరిగిపోయేది.

ఏప్రిల్లో ఒక పొద్దున, తెరేసమ్మ బకెట్టు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మాయ్... రా. మాట్టాడకుండా రా."

సీటు మీద రెండు పాదాల గుర్తులు. తడి ఆరిన మట్టిగుర్తులు, స్పష్టంగా ఉన్నాయి. అయితే వేళ్ళు తలుపువైపు లేవు. గోడవైపు ఉన్నాయి!

"చూశావా?" అంది తెరేసమ్మ గుసగుసగా. "పాదాలు వెనక్కి తిరిగున్నాయి. ఎవరికుంటాయమ్మా అట్టా?"

నజీరా వంగి చూసింది. "హవాయి చెప్పుల గళ్ళు కదా ఆంటీ ఇవి. దెయ్యాలు చెప్పులేసుకుంటాయా?"

"ఓనరు గారి నాన్నగారమ్మా! ఒట్టి కాళ్ళతో వస్తారా?"

మర్నాడూ గుర్తులున్నాయి. ఆ మర్నాడూ ఉన్నాయి. తెరేసమ్మ ఇక ఆ గదిలో చెయ్యి పెట్టనని ఓనరు గారి ముందు తేల్చి చెప్పేసింది.

సుబ్బారావు గారి గురించి ఒక మాట చెప్పాలి. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని తెల్లపంచె, మెరిసే బూట్లు. శుభ్రత విషయంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఫోను ఎత్తేముందు రిసీవర్ని డెట్టాల్ గుడ్డతో తుడిచేవారు. డ్రైవరు చేత్తో ఇచ్చిన నోటుని రెండు వేళ్ళతో అందుకునేవారు. 'శుభ్రత పాటించండి' అన్న బోర్డు కాంప్లెక్సులో ఆరు చోట్ల రాయించారు.

ఆయన తెరేసమ్మ చెప్పిందంతా విన్నారు. ఎందుకో మొహం ఎర్రబడింది. గోడమీద దండ వేసిన తండ్రిగారి ఫొటో వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"గదికి తాళం వేసెయ్. తాళంచెవి నాకివ్వు. నాన్నగారిని మనం ఇబ్బంది పెట్టకూడదు."

తాళంచెవి ఆ ఫొటో కింద మేకుకి వేలాడింది.

మరి నేనెక్కడికి వెళ్ళాలండీ — అన్న మాట నజీరా నోటిదాకా వచ్చింది. తండ్రి కంటే పెద్దాయన్ని ఆ మాట ఎలా అడుగుతుంది? అడగలేదు. దానికి బదులు నీళ్ళు తాగడం మానేసింది.

బెజవాడ ఎండలు మీకు తెలుసు. ఉదయం ఎనిమిదింటికి ఒక గ్లాసు తాగి బయల్దేరితే మళ్ళీ రాత్రి ఇంటికెళ్ళాకే. పది రోజులకి పొత్తికడుపులో మంట, చలిజ్వరం. డాక్టరమ్మ చీట్లు రాసి, "నీళ్ళు తాగకుండా ఎలా ఉంటున్నావమ్మా?" అని కోప్పడింది. తండ్రి సుభాని అన్నీ విన్నాడు. కూతురి ఉద్యోగం చూసి మురిసిన మనిషే, అయినా ఒకటే మాట అన్నాడు.

"ఈ నెలాఖరుతో మానెయ్ బేటీ. ఒంటికంటే ఎక్కువా?"

నజీరా ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చింది. దెయ్యం తన ఉద్యోగం ఊడగొడుతుందని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు.

జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన రోజు తెరేసమ్మ ఇంకో కబురు చెప్పింది. డ్రమ్ము ఎక్కి వెంటిలేటర్లోంచి తొంగి చూసిందట. తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల సీటు మీద... కొత్త గుర్తులు. మళ్ళీ గోడవైపే.

అలా ఇరవై ఆరో తారీఖు వచ్చింది.

ఆ సాయంత్రం బందరు లారీకి సామాను సర్ది, జాబితా తీసేసరికి ఏడయింది. షాపులన్నీ కట్టేశారు. నజీరా నల్ల బురఖా వేసుకుని, ముసుగు దించుకుని లేచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే... ఇంకో సంగతీ తెలిసొచ్చింది. డాక్టరమ్మ మాట విని మధ్యాహ్నం రెండు గ్లాసులు తాగింది. రెండు బస్సులు. గంట ప్రయాణం. తన వల్ల కాదు.

పాత పిస్టన్ మీద అంటించిన కొవ్వొత్తి పట్టుకుని ఓనరు గారి గదిలోకి వెళ్ళింది. సిగ్గు విడిచి తాళంచెవి అడిగేద్దామని.

కుర్చీ ఖాళీ. సంచీ బల్ల మీదే ఉంది. బూట్లు బల్ల కిందే ఉన్నాయి. మనిషి మాత్రం లేడు.

కొవ్వొత్తి పైకెత్తింది. ఫొటోలోంచి వెంకటప్పయ్య గారు చూస్తున్నారు. కింద మేకు ఉంది... తాళంచెవి లేదు.

నజీరా వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. కానీ కడుపు ఒప్పుకోలేదు.

క్యాబిన్ల వరస పక్కనుంచి నడిచింది. ఒక్కో క్యాబినూ దాటుతుంటే అద్దాల్లేని కిటికీల్లో కొవ్వొత్తి నీడలు కదిలాయి. ఎక్కడో రేకు టక్కుమంది. ఆగింది. మళ్ళీ నడిచింది.

బాత్రూమ్ తలుపు... తాళం తీసి ఉంది. తలుపు ఓరగా ఉంది.

బాత్రూమ్‌లోకి అడుగుపెట్టే ముందు చదవాల్సిన దువా ఒకటి నానమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఇలాంటి చోట్ల ఉండే జిన్నుల నుంచి కాపాడమని అల్లాని వేడుకునే దువా. బయటే చదవాలి, లోపల నోరు మెదపకూడదు. నజీరా ఇన్నేళ్ళూ అలవాటుగా చదివేసేది. ఆ రోజు మాత్రం ప్రతి మాటా అర్థం తెలిసి చదివింది. మూడుసార్లు చదివింది. ఎడమకాలు ముందు పెట్టి, తలుపు తోసింది.

లోపల... నేల మీద ఎవరూ లేరు.

కొవ్వొత్తి పైకెత్తింది.

గాల్లో — మనిషెత్తున — తెల్లటి ఆకారం. దాని పాదాలు గోడవైపు ఉన్నాయి. వేళ్ళు గోడవైపే. మొహం మాత్రం... మెల్లగా... ఇటు తిరుగుతోంది. పాదాలు అటు, మొహం ఇటు!

"అమ్మో! దెయ్యం!"

గావుకేక. అరిచింది నజీరా కాదు. దెయ్యమే అరిచింది.

పిస్టన్ చేతిలోంచి జారి ఠంగుమంది. కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో రెండు ఊపిర్లు.

"ఎ... ఎవరది?"

"నే... నేనండీ. నజీరాని."

"నువ్వు మనిషివేనా?"

"మనిషినేనండీ... మీరో?"

చీకట్లో గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఓనర్ని."

కేక విని, ముందు వరండా ఊడుస్తున్న తెరేసమ్మ ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో చీపురు పట్టుకుని, ప్రభువుని పిలుస్తూ వచ్చింది. టార్చి వెలుగులో కనిపించారు సుబ్బారావు గారు. పంచె ఎగ్గట్టి, హవాయి చెప్పులతో కమోడ్ మీదకెక్కి, గోడవైపు తిరిగి, పడిపోకుండా ఫ్లష్ తొట్టిని రెండు చేతులా వాటేసుకుని ఉన్నారు.

"దిగండి బాబుగారూ," అంది తెరేసమ్మ. "పడితే నడుం విరుగుద్ది."

కరెంటు వచ్చాక ముగ్గురూ ఓనరు గారి గదిలో ఉన్నారు. వచ్చిన పని ఎవరికి వారు ముగించుకున్నారనుకోండి. సుబ్బారావు గారు డెట్టాల్ గుడ్డతో చేతులు తుడిచిందే తుడుస్తున్నారు.

"షుగరమ్మా. ఇంటిదాకా ఆగలేను. ముందున్న బాత్రూమ్‌లో అడుగుపెట్టలేను."

"అది సరే, పైకెందుకెక్కటం?" అంది తెరేసమ్మ. కడిగే మనిషికి అడిగే హక్కు ఉంటుంది కదా.

"ఎవరెవరో కూర్చున్న దానికి ఒళ్ళానించి ఎట్లా కూర్చుంటాం?"

నజీరాకి చురుక్కుమంది. "దాని మీద కూర్చునేది నేనొక్కదాన్నే సార్," అంది.

డెట్టాల్ గుడ్డ ఆగిపోయింది.

మాట బయటికొచ్చేశాక ఇక ఆగలేదు ఆ పిల్ల. తాళం వేసిన రోజు నుంచి నీళ్ళు మానేసిన సంగతి, జ్వరం వచ్చిన సంగతి, నెలాఖరుకి మానెయ్యమన్న తండ్రి మాట... అన్నీ చెప్పేసింది. కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "నేను ఇది పరుచుకుని కూర్చుంటాను సార్."

సుబ్బారావు గారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తారు. తర్వాత రెండు చేతులతో పట్టుకున్నారు. నలభై ఏళ్ళుగా స్పేర్‌పార్టులు అమ్ముతున్న మనిషి. ఎవరూ వివరించక్కర్లేదు.

"గ్యాస్కెట్టు!" అన్నారు. "ఒకదానికొకటి తగలకుండా!"

తర్వాత ఫొటో వైపు చూడలేక తల దించుకున్నారు. "గుర్తులు నావేనని చెప్పడానికి సిగ్గేసి నాన్నగారి మీదికి నెట్టేశానమ్మా. నీ గురించి ఆలోచించలేదు. తప్పయింది."

తాళంచెవి తీసి నజీరా ముందు పెట్టారు. "ఇది నీ దగ్గరే ఉంటుంది. నాక్కావాల్సినప్పుడు నిన్నడుగుతా."

వాళ్ళు గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి చిన్నగా పిలిచారు.

"అమ్మాయ్... ఇంతకీ నేను చేసే దాంట్లో తప్పేంటి?"

నజీరా మొహం మంటెక్కిపోయింది. ఓనరుకి, అంత పెద్దాయనకి, ఏమని చెబుతుంది? ఎంత వెతికినా ఒక్క మాటే దొరికింది.

"మీరు గోడవైపు తిరుగుతున్నారు సార్. తలుపువైపు తిరగాలి."

"అంతేనా?"

"...అంతే సార్."

తెరేసమ్మ ఏదో అనబోయింది. నజీరా ఆవిడ చెయ్యి గిల్లింది.

సోమవారానికి జాన్‌బాబు దళసరి కాగితంతో వంద గ్యాస్కెట్లు కోసి ఇచ్చాడు. "ఇంత పెద్దది ఏ ఇంజనుదండీ?" అని అడిగితే ఓనరు గారు వినిపించుకోలేదు. వాటిని తీగకి గుచ్చి బాత్రూమ్ గోడకి తగిలించారు. నజీరా బల్ల పక్కన కొత్త కుండ వెలిసింది. ఆ పిల్ల పొద్దున రాగానే ఒక గ్లాసు, పదకొండింటికి ఒక గ్లాసు, భోజనం తర్వాత నిండుగా రెండు గ్లాసులు తాగింది. మానెయ్యనని తండ్రికి చెప్పేసింది. సాయంత్రం సుబ్బారావు గారు తాళంచెవి కోసం మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాపారు. ఆమె కూడా అటు చూడకుండానే ఇచ్చింది.

మంగళవారం పొద్దున తెరేసమ్మ వచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"అమ్మాయ్... ఒక్కసారి రా."

"ఏమైంది ఆంటీ?"

"రా చెబుతా."

నజీరా వెళ్ళింది. తలుపు తోసింది.

సీటు మీద కాగితం గ్యాస్కెట్టు పరిచి ఉంది. అంచుకి అంచు సరిగ్గా కలిపి, ఒక్క ముడత లేకుండా పరిచారు.

దాని మీద... రెండు హవాయి చెప్పుల గుర్తులు.

వేళ్ళు తలుపువైపు ఉన్నాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దెయ్యం మనిషైందమ్మా," అంది తెరేసమ్మ. "ఇంక కిందికి దించటమే మిగిలింది."