కిరీటం తప్పిన నాణెం

బ్రీతా గంజి కుండ దించి బల్ల మీద పెట్టింది. స్వీడన్‌లోని అవెస్తా టంకశాలలో సమ్మెట దెబ్బలు అప్పటికే మొదలయ్యాయి. కొడుకు ఓలోఫ్ కొలిమి పనికి వెళ్ళిపోయాడు. భర్త మాట్స్ మాత్రం కళ్ళు మంటగా ఉన్నాయని ఆ ఉదయం ఆలస్యంగా లేచాడు.

"మార్కెత్తా, మీ మామయ్యకి వెన్న కాస్త ఎక్కువ వెయ్యి. రాత్రంతా నాణేల అచ్చులు చెక్కి చెక్కి మనిషి పుల్లైపోయాడు."

"వేశానత్తయ్యా. అంతకంటే వేస్తే గంజి వెన్నలో తేలుతుంది."

మాట్స్ నవ్వాడు. కోడలి నోటి దురుసు ఆయనకిష్టం. తారు అమ్మే మేనమామ వెంట ఫిన్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన పిల్ల, ఈ ఇంట్లో కాలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. ఆమె పుట్టిల్లు సరిహద్దుకి అవతల, రష్యా రాణి ఏలుబడిలో ఉంది. స్వీడన్‌కీ రష్యాకీ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అక్కడి కబురే లేదు.

తలుపు ఎవరో తట్టారు. మార్కెత్తా తీసి చూసి, ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయింది. గడ్డం పెరిగి, బూట్లు చిరిగి నిలబడ్డవాడు తమ్ముడు పావో.

"అక్కా, నాన్న పోయాడు" అన్నాడు గడపలోనే.

లోపల కూర్చోబెట్టాక కొంచెం కొంచెంగా చెప్పాడు. పోయిన వేసవిలో స్వీడన్ సైనికులు ఊళ్ళోకి వచ్చి గుర్రాన్ని తోలుకుపోయారు. ఊరికే కాదు, సంచెడు రాగి డబ్బులిచ్చారు. అన్నీ రష్యా నాణేలే. మంచివాళ్ళే అనుకున్నాడు తండ్రి. ఉప్పు కొనడానికి పట్నం వెళ్ళి ఆ డబ్బులు తీస్తే, దొంగ నాణేలు మారుస్తున్నాడని పట్టుకున్నారు. నడిబజారులో కొరడాలతో కొట్టారు. మంచం మీదే పడున్నాడు, రై ధాన్యం కోతలు చూడకుండా పోయాడు.

పావో జేబులోంచి ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదొక్కటే మిగిలింది. గద్ద మీదున్న కిరీటం మా రాణిది కాదట. మీ రాజుదట."

మార్కెత్తా దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక వైపు రెండు తలల గద్ద, రష్యా రాజముద్ర. ఆ గద్దని ఆమె ఎరుగును. రెండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర మాట్స్ దాన్ని మైనంలో చెక్కుతుంటే కొవ్వొత్తి పట్టుకున్నది తనే. రెక్కలు ఎంత బాగా వచ్చాయి మామయ్యా అని మెచ్చుకున్నది కూడా తనే. అప్పుడాయన ఏదో పతకానికని చెప్పాడు.

"మామయ్యా, ఇది మీరు చెక్కిందేనా?"

మాట్స్ చెంచా కింద పెట్టాడు. "రాజుగారి ఉత్తరువు. అక్కడ సైన్యం ఖర్చుకి రష్యా డబ్బు కావాలన్నారు. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకున్నారు."

"ఆయన కాకపోతే ఇంకొకడు చెక్కేవాడు" అంది బ్రీతా. "యుద్ధం మీ మామయ్య తెచ్చాడా?"

"తేలేదత్తయ్యా. మా నాన్నా తేలేదు."

మాట్స్ నాణేన్ని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "వాళ్ళిచ్చిన నమూనా అరిగిపోయి ఉంది. రష్యా కిరీటం నేనెన్నడూ చూడలేదు. చెయ్యి అలవాటు పడ్డ కిరీటాన్నే చెక్కేసింది. అదొక్కటి సరిగ్గా వచ్చి ఉంటే..."

"సరిగ్గా వచ్చి ఉంటే?" మార్కెత్తా గొంతు పైకి లేవలేదు. "పని కుదరలేదనా మీ బాధ? మీ డబ్బు పుచ్చుకున్నవాడి వీపు సంగతి ఆ రోజు తట్టలేదా మీకు?"

ఆ పూట గంజి ఎవరూ తినలేదు.

చలికాలంలో టంకశాల అధికారి మళ్ళీ పిలిచాడు. ఈసారి మంచి నమూనా దొరికిందట, కిరీటం సరిచేసి కొత్త అచ్చు చెక్కాలట. మాట్స్ ఉలులు మూటగట్టి అధికారి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. టంకశాల ఇచ్చిన ఇల్లు పోయింది. బొగ్గుబట్టీల పక్కన గాలికి గోడలు ఈలవేసే గుడిసెలోకి మారారు. బ్రీతా పొద్దస్తమానం సణిగింది. మార్కెత్తా మాత్రం మెచ్చుకోనూ లేదు, మెత్తబడనూ లేదు. వడ్డించేది, తప్పుకునేది.

మరుసటి ఎండాకాలం చివర సంధి కుదిరింది. మార్కెత్తా అప్పట్నుంచీ తమ దగ్గరే ఉండిపోయిన తమ్ముడితో తల్లి దగ్గరికి బయల్దేరుతుంటే మాట్స్ కూడా చిన్న మూట కట్టుకున్నాడు.

"మీరెందుకు?"

"మీ అమ్మకి చెప్పుకోవాలి."

"మా అమ్మకి మీ భాష రాదు."

"నువ్వు చెప్పు. తగ్గించి చెప్పకు."

ఓడ ప్రయాణంలో గాని, ఆ తర్వాత అడవి దారిలో గాని వాళ్ళ మధ్య పట్టుమని పది మాటలు దొర్లలేదు. ఇల్లు చేరేసరికి తల్లి వప్పు వాకిట్లో వల బాగుచేసుకుంటోంది. కూతుర్ని చాలాసేపు పట్టుకుని వదిలాక, వెనక టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని చూసింది.

మార్కెత్తా చెప్పింది. గద్ద, కిరీటం, ప్రమాణం, అన్నీ తగ్గించకుండా చెప్పింది. వప్పు చేతులు వల మీద ఆగిపోయాయి.

"ఇంకా చెక్కుతున్నాడా?"

"లేదమ్మా. మానేశాడు. ఇల్లు కూడా పోయింది."

వప్పు పొలం వైపు చూసింది. "మీ నాన్న కంచె సగంలో వదిలేసి పోయాడు. పావో ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మంచు పడేలోగా పూర్తికావాలి. ఉంటాడేమో అడుగు."

మార్కెత్తా మామగారి వైపు తిరిగింది. నోరు తెరిచింది గాని మాట రాలేదు. ఏడాదిగా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆ కన్నీళ్ళు చూసి మాట్స్ తనకు తోచిన అర్థం చేసుకున్నాడు. వప్పుకి తల వంచి, మూట భుజానికెత్తుకుని, వచ్చిన దారినే మళ్ళాడు.

మార్కెత్తా పరుగున వెళ్ళి ఆయన చొక్కా చేయి పట్టుకుంది.

"పొమ్మనలేదు మామయ్యా" అంది వెక్కుతూ. "ఉండమంటోంది. నాన్న కంచె పూర్తిచేయడానికి ఉండమంటోంది."