బయటి గడియ

ఉదయం ఏడింటికి ఆమె పాలు పొంగకుండా దింపింది, అత్తగారికి కాఫీ ఇచ్చింది, ఉతికిన బట్టలు ఆరేసింది. అన్నీ రోజూలాగే. తేడా అల్లా ఒక్కటే. పడగ్గదికి బయట గడియ పెట్టి అది మూడో రోజు, లోపల ఉన్నది కట్టుకున్న మొగుడు.

పెట్టమన్నదీ ఆయనే. బస్సు కండక్టర్. రాత్రి డ్యూటీలతో నిద్ర చెడిందని మూడేళ్ల కిందట సగం నిద్రమాత్రతో మొదలుపెట్టి, ఇప్పుడు పూటకు మూడు మింగనిదే నిలబడలేని స్థితికొచ్చాడు. మొన్న బస్సులోనే కూలబడ్డాడు.

"ఆస్పత్రికెళ్తే డిపో అంతా టాంటాం అవుతుంది. నన్ను గదిలో పెట్టి గడియ వెయ్యి. ఏడ్చినా, తిట్టినా, కాళ్లు పట్టుకున్నా మాత్ర ఇవ్వకు, తలుపు తియ్యకు. మాటివ్వు," అన్నాడు.

ఇచ్చింది. ఆమెది ఉడుంపట్టని పుట్టింట్లో పేరు. పదేళ్లు కాపురం చేసిన ఆయనకు ఆ సంగతి వేరే చెప్పాలా!

మొదటి రోజు బతిమాలాడు. రెండో రోజు ఆమె ఏడు తరాలనూ తిట్టిపోశాడు. "తిట్టేది నా కొడుకు కాదే, ఆ మాయదారి మందు. ఓర్చుకో," అంటూ అత్తగారు తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కోడలు చెవుల్లో దూది కుక్కుకుని గిన్నెలు తోమింది.

ఈ పూట తిట్లు లేవు. అమ్మయ్య అనుకుంటూ ఆయనకు కాఫీ అందించడానికి వరండాలోకి ఉన్న గది కిటికీ దగ్గరికెళ్లింది.

"టిక్కెట్, టిక్కెట్... ముందుకు జరగండమ్మా!"

ఆయన గోడకు టిక్కెట్లు కొడుతున్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. చేతులు గజగజలాడుతున్నాయి.

"ఏవండీ, నేనండీ. కాఫీ."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "ఎక్కడ దిగాలమ్మా?" అన్నాడు ఎంతో మర్యాదగా.

మందు దిగడమంటే ఇదేనా? లేక తలుపు తీయించడానికి నాటకమా? తీస్తే రెండు రోజుల నరకం బూడిదలో పోసిన పన్నీరేనా? తీయకపోతే ఏమవుతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరుగున వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. అత్తగారు ఆ చెయ్యి పట్టేసుకుంది.

"మతిపోయిందా నీకు? ఇంకొక్క రోజు! ఇప్పుడు తీస్తే వాడు జన్మలో మానడు."

"ఏమో అత్తయ్యా, నాకేం అర్థం కావట్లేదు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు!"

"మాటిచ్చావు కదే!"

లోపల ధబ్బున చప్పుడైంది. ఈసారి అత్తగారి చెయ్యి దానంతటదే జారిపోయింది. తలుపు తీసేసరికి ఆయన నేల మీద కొట్టుకుంటున్నాడు, నోట్లోంచి నురగ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అంతా విని, తిట్టకుండానే తిట్టినంత పని చేసింది. "ఏళ్ల తరబడి వేసుకున్న నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే మెదడు తట్టుకోలేదమ్మా. భ్రమలొస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. మానాలనుకోవడం మంచిదే. ఇంట్లో గడియ పెట్టి కాదు, ఇక్కడ మేం కనిపెట్టి చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గించాలి."

"అంటే... మళ్లీ ఆ మాత్రలే ఇస్తారా?"

"ఆ రకానివే. కొలిచి ఇస్తాం. వారాలు పడుతుంది."

కోడలు ఏది విషమని దాచిందో అదే మందా?

"నీ చెయ్యి పట్టుకున్న పాపిష్టిదాన్ని నేనేనే," అని అత్తగారు వలవల ఏడ్చింది.

"గడియ పెట్టింది నేను కదా అత్తయ్యా," అంది కోడలు.

మర్నాడు సాయంత్రానికి ఆయనకు తెలివొచ్చింది. భార్యను గుర్తుపట్టాడు.

"మాట తప్పావేం?" అన్నాడు నీరసంగా.

"మాత్ర కావాలని అడుగుతుంటే తీసేదాన్ని కాదు. తిట్టినా సరే, లోపలున్నది మీరేనని ధైర్యం. అడగటమే మానేశారే, అప్పుడు..." మాట పూర్తి కాలేదు. మూడు రోజులుగా బిగపట్టిన ఏడుపు కట్ట తెంచుకుంది. ఆయన ఆమె తల నిమిరాడు.

నర్సు చిన్న కప్పులో మాత్ర తెచ్చింది. ఆయన భయంగా మొహం తిప్పుకున్నాడు. "వద్దు! మళ్లీ అదేనా?"

"అదే. నాకూ మింగుడుపడలేదు. కానీ డాక్టరమ్మ చెప్పినట్టే దిగుదాం, ఒక్కో మెట్టూ. డిపోలో తెలిస్తే తెలియనివ్వండి."

ప్రాణం పోయినా ఇవ్వనన్న మాత్రను తనే ఆయన నోట్లో వేసి, తల పట్టుకుని నీళ్లు తాగించింది.