గుట్ట మీద మోగే ఇనుము

గుట్ట వైపు నుంచి చప్పుడు వినిపిస్తే దానికి వీపు పెట్టి నడవాలి. అటు మాత్రం అడుగు వెయ్యకూడదు.

ఆ తీరంలో పిల్లలకి మాటలు వచ్చీరాకముందే నేర్పే సంగతి ఇది.

గుట్ట అంటే పెద్దదేం కాదు. ఒడ్డు నుంచి రెండు మైళ్ళ దూరంలో, ఇసుకపర్ర చివర, ఒక నల్లరాతి దిబ్బ. దాని మీద వెలగడం మానేసిన లైట్‌హౌస్. పక్కనే దీపం కాపలావాళ్ళు కాపురమున్న రెండు గదుల ఇల్లు. గోడలున్నాయి, కప్పు లేదు. నీరు తీసినప్పుడు పర్ర మీదుగా నడిచి వెళ్ళొచ్చు. పోటు వచ్చిందా... చుట్టూ సముద్రమే.

మంచు కమ్మిన సాయంత్రాల్లో అక్కడి నుంచి ఇనుము మీద ఇనుము కొట్టినట్టు మోత వస్తుందని చెప్పుకుంటారు. ఎప్పుడో ఒక కాపలావాడి పెళ్ళాం అక్కడ చచ్చిపోయిందట. ఒంటరిగా ఉండలేక మనుషుల్ని పిలుచుకుంటుందట. ఆ పిలుపుకి చివరగా పోయినవాడు గుల్లలు తవ్వుకునే ఒకాయన. ఇరవై ఏళ్ళ కిందటి మాట. మనిషి దొరకలేదు, తవ్వుకునే గునపం ఒక్కటే దొరికింది.

ఆయన కూతురు ఇప్పుడు అదే పర్ర మీద బతుకుతోంది. చూడ్డానికొచ్చేవాళ్ళని గుట్ట దాకా నడిపించుకెళ్ళి, పక్షుల్నీ రాళ్ళ మడుగుల్లో నక్షత్రచేపల్నీ చూపించి తీసుకొస్తుంది. అందరికీ ఆమె నడకల అక్క. పర్ర మీద మెత్తటి చోటేది, గట్టి చోటేది కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయినా రోజూ గుమ్మం దాటేటప్పుడు వాళ్ళమ్మ ఆపుతుంది.

"మంచు పడేలోపు ఇంట్లో ఉండాలి. చప్పుడు వినిపిస్తే..."

"వీపు పెట్టి నడుస్తానమ్మా. ఎన్నిసార్లు చెప్తావ్?"

ఆ రోజు నడకకి వచ్చింది ఒక్కరే. డెబ్బై దాటిన లెక్కల మాస్టారు. ఎక్కడో దూరపు పట్నం నుంచి రెండు రైళ్ళు మారి వచ్చాడు. పక్షులూ వద్దు, చేపలూ వద్దు.

"గుట్ట మీది ఇంట్లో మా అమ్మ పుట్టిందమ్మా. మా అమ్మమ్మ పోయిందీ అక్కడే. ఆ గది ఒక్కసారి చూసి పోతాను" అన్నాడు.

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. దెయ్యమని అందరూ చెప్పుకునే మనిషికి మనవడు! కళ్ళజోడు తాడు కట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, ఎదురుగా నిలబడి ఉన్నాడు.

తీసుకెళ్ళింది. గుట్ట ఎక్కాక ఆయాసపడుతూనే నవ్వాడు. "నలభై ఏళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించాను. ఇన్నాళ్ళకి నన్ను ఎక్కించేదానివి దొరికావు."

ఇంటి గుమ్మం పైన దూలానికి ఒక రైలు పట్టా ముక్క వేలాడుతోంది. తుప్పుపట్టి ఎర్రగా ఉంది. ఆయన దాన్ని చూడనేలేదు. నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటున్న మనిషిని పదండి పదండి అని ఎలా తరుముతుంది? పావుగంట అనుకున్నది ముప్పావుగంటైంది.

దిగేటప్పుడు పాచిరాయి మీద ఆయన కాలు జారింది. చీలమండ బెణికింది.

అప్పటికింకా వెలుతురుంది. ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించింది. సగం దూరం వచ్చారో లేదో — మంచు దిగింది.

దిగడమంటే అలా ఇలా కాదు. ముందు ఒడ్డు పోయింది. తర్వాత దారి గుర్తుకి పాతిన వెదురు గడలు పోయాయి. వెనక్కి తిరిగితే గుట్ట కూడా లేదు. చెయ్యి చాచితే వేళ్ళు కనబడ్డం లేదు. చీకటి దానికి తోడైంది. ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ లేదు.

పాదాల కింద నీళ్ళు...

"అమ్మాయ్, ఇందాక ఇక్కడ నీళ్ళు లేవు కదూ?"

"లేవు మాస్టారూ. పోటు మొదలైంది. నా చెయ్యి వదలకండి."

నాలుగడుగులు వేసింది. మెత్తగా దిగబడింది. పక్కకి జరిగింది. అక్కడా దిగబడింది. కళ్ళు మూసుకుని చెప్పగలిగిన దారి ఇప్పుడు కళ్ళు తెరిచినా తెలియడం లేదు. నీళ్ళు మడమలు దాటాయి. పిక్కలకి వచ్చాయి.

అప్పుడు వినిపించింది.

టంగ్... టంగ్... టంగ్...

కాస్త ఆగి — మళ్ళీ మూడు.

చిన్నప్పట్నుంచీ విన్న కథ ఒక ఎత్తు, ఆ మోత చెవిన పడ్డం ఒక ఎత్తు. మాస్టారి చెయ్యి పట్టుకుని గబుక్కున వీపు తిప్పింది.

"ఎటు లాగుతున్నావమ్మా? ఎవరో కొడుతున్నారు, వినబళ్ళేదూ?"

"అటు వెళ్ళకూడదు. వెళ్ళినవాళ్ళు రాలేదు. మా నాన్న... రాలేదు."

లాక్కెళ్ళింది. పది అడుగులు... ఇరవై... నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి. కాళ్ళ కింద ఇసుక వేగంగా కదిలిపోతోంది. ఆ లాగుడు ఆమెకి తెలుసు. అది ఏటి మొగ. ఏరు సముద్రంలో కలిసే చోటు. పగలు కూడా ఎవరూ కాలు పెట్టని చోటు.

ఠక్కున ఆగిపోయింది.

నాన్న గునపం దొరికింది ఏటి మొగ దగ్గరే! ఇసుకలో నిలువునా గుచ్చి ఉంది. చెక్కైతే కొట్టుకొచ్చింది అనుకోవచ్చు. మూడడుగుల ఇనప గునపం కొట్టుకొస్తుందా? నాన్నే ఇక్కడికి నడిచొచ్చాడు. దిగబడిపోతూ, పట్టుకోవడానికి గుచ్చుకున్నాడు. గుట్టకి సరిగ్గా ఎదురు దిక్కున...

అంటే నాన్న చప్పుడు వైపు వెళ్ళలేదు. అందరూ చెప్పినట్టే చేశాడు. దానికి వీపు పెట్టి నడిచాడు.

"మాస్టారూ" అంది. "వెనక్కి తిరగండి. చప్పుడు వైపే పోదాం."

ఎలా వెళ్ళారో ఆమె ఇప్పటికీ సరిగా చెప్పలేదు. నడుం లోతు నీళ్ళు. ఆయన రెండుసార్లు పడిపోయాడు, రెండుసార్లూ చొక్కా పట్టుకుని లేపింది. దారి తప్పినప్పుడల్లా మోత పలచబడేది. సరిగా తిరగ్గానే దగ్గరయ్యేది. మూడు దెబ్బలు... ఆగడం... మూడు దెబ్బలు. చివరికి మోకాలికి రాయి తగిలింది. ఇద్దరూ పాకుతూ పైకెక్కారు.

వాళ్ళు ఎక్కగానే మోత ఆగిపోయింది.

"ఎవరండీ? ఎవరున్నారక్కడ?"

టార్చి వేసింది. గుమ్మం ఖాళీగా ఉంది. గాలి పూచికంత లేదు. పట్టా ముక్క కదలకుండా వేలాడుతోంది. దగ్గరికి వెళ్ళి మెల్లగా అరచెయ్యి ఆనించింది.

ఇనుము లోపల ఇంకా వణుకుతోంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. మాస్టారు మాత్రం భయపడలేదు. గోడకి చేరగిలబడి, తడిసిన కళ్ళజోడు తుడుచుకుంటూ, మెల్లగా అన్నాడు.

"మా అమ్మ చెప్పేది. మంచు పడితే దీపం కనబడదు కదా, అందుకని అమ్మమ్మ ఇనుము కొట్టేదట. పర్ర మీద ఎంతమంది ఉంటే అన్ని దెబ్బలు. ఒకరు గట్టెక్కితే ఒక దెబ్బ తగ్గించేది. అందరూ వచ్చేదాకా చెయ్యి ఆపేది కాదట. మీ ఊళ్ళో ఇలా చెప్పుకుంటున్నారని నాకు తెలీదమ్మా."

ఆమెకి సిగ్గేసింది. ఆ వెనకే ఇంకేదో తట్టింది.

"మాస్టారూ... మనకి ఎన్ని దెబ్బలు వినిపించాయి?"

"మూడు."

"మనం ఇద్దరమే కదా."

ఆయన కళ్ళజోడు తుడవడం ఆపి తలెత్తాడు.

టంగ్...

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మూడడుగుల దూరంలో, చీకట్లో. ఆమె టార్చి తిప్పింది. గుమ్మంలో ఎవరూ లేరు. పట్టా మాత్రం సన్నగా అదురుతోంది. కాసేపాగి మళ్ళీ — ఒక్కటే.

"ఒకరింకా పర్ర మీదే ఉన్నారు" అన్నాడు మాస్టారు గుసగుసగా.

అలా గంటసేపు. ఒక్కొక్క దెబ్బ. ఆమె రాతి అంచున నిలబడి టార్చి ఊపుతూ "ఎవరు? ఎవరక్కడ?" అని అరిచింది. మంచులోంచి ఉలుకూ పలుకూ లేదు.

ఉన్నట్టుండి మోత మారింది. టంగ్... టంగ్... రెండు!

ఆమె మాస్టారి మోచెయ్యి పట్టుకుంది. ఇంకెవరో బయల్దేరారు.

ఇంకో గంటకి, నీటి మీద మోటారు బోటు చప్పుడు. పసుపుపచ్చటి లాంతరు వెలుగు. ఆ వెనక గొంతు — "ఓ అమ్మాయ్! ఉన్నావా తల్లీ!"

మేనమామ! బోటు రాయికి కట్టి పైకెక్కుతూనే మేనకోడల్ని పట్టుకుని ఏడ్చేశాడు. తర్వాత తిట్టాడు. ఆ తర్వాత గానీ సంగతి చెప్పలేదు.

"ఊళ్ళో ఒక్కడూ కదల్లేదు. చప్పుడు వినిపిస్తోంది, మేం రామన్నారు. నాకూ భయమేసిందనుకో. కానీ నువ్వే కొడుతున్నావనుకున్నా. ఆ మోతే పట్టుకుని వచ్చా. ఇంతసేపు కొట్టావు, చేతులు పడిపోలేదటే?"

"మావయ్యా, నువ్వెప్పుడు బయల్దేరావు?" అంది.

"గంటైంది. ఏం?"

"ఒక్కడివేనా?"

"ఒక్కడినే. ఎవరూ రాలేదని చెప్తున్నానుగా."

రెండోది మావయ్యకి. సరే. మరి...

టంగ్.

మావయ్య గిరుక్కున తిరిగాడు. ఎదురుగా పట్టా. దాని దగ్గర ఎవరూ లేరు. కొట్టగలిగిన ముగ్గురూ ఇటే ఉన్నారు.

టంగ్...

"బోటెక్కండి" అన్నాడు. "ముందు బోటెక్కండి ఇద్దరూ."

ఆమె కదల్లేదు. ఒక్కొక్క దెబ్బా గుండెలో పడుతోంది. పర్ర మీద ఇంకా ఒకరున్నారు. ఇవాళ్టివాళ్ళు కాదు. మనం మన పిల్లలకి నేర్పిన మాటే విని, ఇరవై ఏళ్ళుగా వీపు పెట్టి నడుస్తూనే ఉన్నవాళ్ళు.

రాతి అంచుకి వెళ్ళింది. ఏటి మొగ వైపు తిరిగింది. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి ఎలా పిలిచేదో అలా, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది.

"నాన్నా! అటు కాదు నాన్నా... ఇటు రా! చప్పుడు వైపు రా! నేనిక్కడే ఉన్నా!"

టంగ్...

"ఇటు నాన్నా!"

టంగ్...

గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. మావయ్య ఆపలేదు. మాస్టారు గోడ పట్టుకుని లేచి, ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు కింద, చీకట్లో... నీళ్ళు కదిలాయి. అల కాదు. ఎవరో అలిసిపోయి, ఒక్కో కాలే ఎత్తి వేస్తూ నడిచొస్తున్న చప్పుడు. దగ్గరైంది. రాయి అంచుకి వచ్చింది. రాతి మీద తడి పాదం పడింది. ఇంకొకటి. వాళ్ళ పక్కనుంచి చల్లగా ఏదో సాగిపోయింది.

ముగ్గురిలో ఒక్కరు కూడా లాంతరు ఎత్తలేదు.

వెనక, గుమ్మంలో, ఇనుము ఆగిపోయింది.