మూడో పేజీ ప్రమాణం

అర్ధరాత్రి కాదు... మిట్టమధ్యాహ్నం. పన్నెండూ పది!

సూర్యుణ్ణి ఏదో అంచు నుంచి కొరుక్కు తింటోంది. ప్రెస్సు రేకుల మీద పావురాలు పొద్దుగూకిందనుకుని రెక్కలు ముడిచాయి. చూరులో పగలంతా నిద్రపోయే గుడ్లగూబ కళ్లు తెరిచి, ఒక్కసారి కూసి, తనకే అనుమానం వచ్చినట్టు ఆగిపోయింది. మబ్బన్నది లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము...

మెషీన్లన్నీ ఆగిన ఆ సెలవు రోజున, మేడ మీద యజమాని గదిలో, గుండ్రటి బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. బల్ల మధ్యలో ఆట పరిచి ఉంది. ఆట మధ్యలో కపాలం. అట్టపెట్టె మీద బొమ్మలో ఉన్నది ప్లాస్టిక్ కపాలం. బల్ల మీద ఉన్నది ప్లాస్టిక్ కాదు.

ఆట పేరు కపాల గుహ. ఒకరి మీద ఒకరు గెలిచే ఆట కాదది. ఆడేవాళ్లందరికీ కలిపి ఒకటే పావు. గుహలో దారి తప్పిన ఆ పావుని ఆరు దీపాలూ ఆరిపోయేలోగా బయటికి చేర్చాలి. చేరిస్తే అందరూ గెలిచినట్టు, చేర్చలేకపోతే అందరూ ఓడినట్టు. పాచిక మీద ఆరు ఉండాల్సిన చోట కపాలం గుర్తు. అది పడిందా, ఒక దీపం ఆరుతుంది. వెయ్యి పెట్టెలు కింద గోదాములో సిద్ధంగా ఉన్నాయి. రేపు దుకాణాలకి వెళ్తాయి. మొదటి పెట్టె మనమే విప్పి ఆడదామని యజమాని పనివాళ్లని పిలిచాడు.

వచ్చినవాళ్లు ముగ్గురు. జిగురూ దారమూ పట్టీ పట్టీ వేళ్లు కాయలు కాసిన బైండరు బాబాయి. నాలుగు రంగుల మెషీన్ నడిపే వదిన. రెండింటికల్లా వచ్చేస్తానని పక్కింట్లో తన మూడేళ్ల పిల్లని దిగబెట్టి వచ్చింది. మూడో మనిషి, కాగితాలు లెక్కపెట్టి కట్టలు కట్టే పిల్ల. పేరుతో ఎవరూ పిలవరు, అరసున్న అంటారు. రాతలో ఉంటుంది గానీ నోటికి రాదు కదా, ఈ పిల్లా అంతేనని వాళ్లక్క పెట్టిన ముద్దుపేరు.

వాళ్లకి ఎదురుగా యజమాని. పదకొండేళ్ల కిందట డాక్టరు ఆయనకి ఆరు నెలలు గడువు చెప్పాడు. ఊపిరితిత్తులు రెండూ జల్లెడైపోయాయన్నాడు. ఆ డాక్టరే పోయాడు గానీ యజమాని పోలేదు. కారణం... ఆ కపాలం! నిశిరాత్రుల్లో నల్లగుడ్డ పరిచి, రక్తంతో దాన్ని తడిపి, ఘోరమైన మంత్రాలు జపించి దానికి ప్రాణాలు మేపాడు. మొదట కట్టుకున్న భార్య. తర్వాత రాత్రి కాపలా మనిషి. ఆపైన అచ్చు అక్షరాలు పేర్చే ముసలి కంపోజిటరు. వాళ్లు బతకాల్సిన ఏళ్లన్నీ ఈయన ఊపిరిలోకి వచ్చి చేరాయి. నాలుగో ప్రాణం, మూడు నెలల కిందట, ప్రూఫులు దిద్దే అక్కది. అరసున్నకి ఆమే అక్క, ఆమే అమ్మ.

ఒక్కొక్క ప్రాణానికీ అన్నేసి రాత్రుల జపం విసుగనిపించి ఆయన ఈ ఆట తయారుచేశాడు. తమ ప్రాణాన్ని తమ నోటితో పందెం కాసి ఓడినవాళ్లని కపాలం జపం లేకుండానే మింగుతుంది. కాకపోతే గెలిచే దారి కూడా ఉంటేనే ఆ పందెం చెల్లుతుంది. అందుకని రెండు వాక్యాల ప్రమాణం రాసి రూల్సు పుస్తకం మూడో పేజీలో పెట్టాడు, పాచికలో కపాలం పైకి వచ్చేలా సీసం పోసి పెట్టాడు. వెయ్యి పెట్టెలు, వెయ్యి ఇళ్లు... ఇక ఆయనకి చావన్నది లేదు!

ఆ పేజీ ప్రూఫు అక్క బల్ల మీదికి వచ్చిన రోజున ఆమె దాన్ని మూడుసార్లు చదివి, మేడెక్కి, ఇది నేను పాస్ చెయ్యనండీ అని ఆయన మొహం మీదే చెప్పింది. ఆయన కోప్పడలేదు. పోనీలే అమ్మా, రేపు చూద్దాం అన్నాడు. ఆమె బల్ల మీది ఎర్ర పెన్సిలు ముక్క మాత్రం ఆ సాయంత్రం మాయమైంది. మూడో రోజున ఆమె కుర్చీలోనే నెత్తురు కక్కుకుని ఒరిగిపోయింది. బాబాయి తన తువ్వాలు మడిచి ఆమె తల కింద పెట్టాడు. అంతకు మించి ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు.

పోయే ముందు రాత్రి అక్క చెల్లెలికి అన్నం పెట్టి, జడ వేసి, చెవిలో చెప్పింది: ఆ పేజీ పాస్ చేసేశాను. ఒక్క మాట మార్చాను. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చదవండి. గెలవడానికే ఆడండి. ఓడితే అందరూ పోతారు, గెలిస్తే ఒక్కడే పోతాడు.

ముప్పయ్యేళ్లలో యజమాని ఒక్క ప్రూఫు చదివిన పాపాన పోలేదు. చదవడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నానుగా, అనేవాడు.

ఆరు దీపాలూ వెలిగించారు. గదిలో సగం చీకటి. గుహ కాపరి వేషం తనదేనంటూ యజమాని నల్లశాలువా కప్పుకున్నాడు. ముందు ప్రమాణం చదవాలి, ముగ్గురూ నావైపు చూసి చదవండి అన్నాడు. వదిన నవ్వాపుకుంటూ పుస్తకం మధ్యలో పెట్టింది. ముగ్గురి గొంతులూ కలిశాయి.

"మనం ఓడితే మన ప్రాణాలు ఈ కపాలానివి. మనం గెలిస్తే ఈ కపాలం మింగినవన్నీ కక్కాలి."

"తథాస్తు," అన్నాడు యజమాని. అలవాటుగా. వినకుండానే.

కపాలం లోపల ఏదో టక్కుమంది.

ఆట మొదలైంది. బాబాయి వేస్తే కపాలం, ఒక దీపం ఆరింది. వదిన వేస్తే కపాలం. నా చెయ్యి మంచిది కాదు, మా ఆయన ఎప్పుడూ అంటూనే ఉంటాడని ఆమె నవ్వింది. అరసున్న వేస్తే నాలుగు పడింది, పావు కదిలింది. మళ్లీ కపాలం. పావు మెల్లగా, దీపాలు వేగంగా... నాలుగో దీపం ఆరేసరికి వదిన నవ్వడం మానేసింది. ఏసీ లేదు, కిటికీ వేసే ఉంది, అయినా నోటి ముందు ఊపిరి ఆవిరై కనిపిస్తోంది. బాబాయి లేవబోయాడు. కాళ్లు కదల్లేదు. గుమ్మం తలుపు దానంతటదే మూసుకుంది!

అయిదో దీపం ఆరినప్పుడు యజమాని మొహంలో తృప్తి. అప్పుడే ఆయనకి ఛాతీలో పట్టేసింది. పదకొండేళ్లుగా లేని నొప్పి. ఒకసారి దగ్గాడు, చెయ్యి చూసుకున్నాడు. నెత్తురు.

ఆయనకి అర్థం కాలేదు. పుస్తకం లాక్కుని, మొట్టమొదటిసారిగా, మూడో పేజీ చదివాడు. ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి చదివాడు.

"మేము అని కదా రాశాను," అన్నాడు. "మేము... మా ప్రాణాలు..."

"అక్క దిద్దింది," అంది అరసున్న. "చిన్నప్పుడు నాకు చెప్పేది. మేము అంటే ఎదుటివాడి మొహం మీద తలుపు వేసినట్టు. మనం అంటే తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టు. మీ వైపు చూసి మనం అన్నాం. మీరు తథాస్తు అన్నారు. రండి సార్, మనతో ఆడండి."

బయట సూర్యుడి ఆఖరి అంచు కూడా మునిగింది. గదిలో మిగిలింది ఒకే దీపం, దాని వెలుగులో కపాలం పళ్లు. గుహ ద్వారానికి పావు మూడు గళ్ల దూరంలో ఉంది. పాచిక అరసున్న గుప్పిట్లో. ఆమె చెయ్యి ఎత్తింది.

ప్రాణాలు మింగడమే తప్ప ఎవరికీ పూచికపుల్లంత సాయం చెయ్యని మనిషి, ఆ క్షణాన, నలుగురిలో కలిసి ఆడాడు. రెండు చేతులూ చాచి ఆమెని ఆపాడు.

"వెయ్యకు తల్లీ. అందులో సీసం ఉంది. ఇదిగో, మంచిది నా జేబులో ఉంది. దీంతో వెయ్యి."

బల్ల మీద రెండో పాచిక పెట్టాడు. బాబాయి ఆ పాచిక వంకా, యజమాని వంకా చూశాడు. ముప్పయ్యేళ్ల నమ్మకం ఆ ముసలి కళ్లలో చచ్చిపోవడం దీపం వెలుగులో కనిపించింది.

"వేస్తాను," అంది అరసున్న. "ముందు అక్కని ఏం చేశారో చెప్పండి."

"మీ అక్కని నేనే..."

"వాక్యం పూర్తి చెయ్యండి. సగంలో ఆపితే అక్క ఒప్పుకోదు."

"నేనే చంపాను. ఆవిడ పెన్సిలు కపాలంలో పెట్టి చంపాను. ఇంక వెయ్యమ్మా, దీపం సన్నగిల్లుతోంది."

రెండు గుప్పిళ్లలో రెండు పాచికలు. సీసం పాచిక వేస్తే పగ తీరడం ఖాయం. తామూ పోతారు, కానీ కళ్ల ముందే వాడూ పోతాడు. మంచి పాచిక ఏం వేస్తుందో ఎవరికి తెలుసు? గెలిచాక నిజంగా చస్తాడని మాత్రం ఎవరు చూశారు? మూడు నెలలుగా ఆమె నిద్రలేకుండా కోరుకున్నది ఈ ఒక్క చావే. సీసం ఉన్న చెయ్యే పైకి లేచింది...

అప్పుడు వదిన మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "రెండింటికి వస్తానన్నాను. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంటుంది."

అరసున్న ఆ చెయ్యి దించింది. పక్కింటి గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఎవరో ఆమెకి బాగా తెలుసు. ఒకప్పుడు ఆ పిల్ల తనే. నిలబడ్డ ప్రతిసారీ అక్క వచ్చేది.

మంచి పాచిక వేసింది. అది గిరగిరా తిరిగింది. ఒక అంచు మీద వాలి, కపాలం గుర్తు పైకి వస్తూ... వస్తూ... ఉంటే, బల్ల మీది కపాలం గడగడా వణికింది. బల్ల అదిరింది. పాచిక ఒక్క పక్క దొర్లి నిలబడింది.

మూడు!

"గెలిచాం," అన్నాడు యజమాని. కన్నీళ్లతో నవ్వాడు. "మనం గెలిచాం."

"ఆ, గెలిచాం సార్." ఈసారి అరసున్న నోట్లోంచి వచ్చిన గొంతు అరసున్నది కాదు. ఎప్పుడూ నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలికే గొంతు. బాబాయి రెండు చేతులూ జోడించాడు. "రెండో వాక్యం కూడా చదివారా?"

కపాలం నోరు తెరిచింది! అందులోంచి మొదట ఎర్ర పెన్సిలు ముక్క జారి పడింది. తర్వాత గాలి... నాలుగు నిట్టూర్పుల గాలి, గదంతా సుడి తిరిగి, యజమాని ఛాతీలోంచి ఒక్కొక్క ఏడాదినీ దారంలా లాక్కుంది. పదకొండేళ్ల ముసలితనం ఒక్క క్షణంలో ఆయన మీద విరుచుకుపడింది. జుట్టు రాలింది, చర్మం ఎముకకి అంటుకుంది. పెన్సిలు దానంతటది లేచి నిలిచింది. ఆయన నుదుటి నుంచి గుండె దాకా ఎర్రగా ఒక గీత గీసి, చివర చిన్న సున్న చుట్టింది. ప్రూఫులో దాని అర్థం తెలియనివాళ్లు ఆ గదిలో లేరు. తీసెయ్యమనే గుర్తు.

ఆ గీత కింద ఉన్నదంతా బూడిదైంది. నల్లశాలువా ఒక్కటే కుర్చీలో మిగిలింది. దాని పక్కనే కపాలం, రెండుగా పగిలి, మామూలు ఎముకలా.

తలుపు తెరుచుకుంది. కిటికీ అంచున సన్నటి వెలుగు గీత పుట్టి వెడల్పయింది. రేకుల మీద పావురాలు, ఇంత చిన్న రాత్రి ఎప్పుడూ చూడలేదన్నట్టు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. గోడ గడియారంలో ఒకటీ నలభై. వదిన మెట్లు రెండేసి చొప్పున దిగింది.

బాబాయి పెన్సిలు ముక్కని తువ్వాలుతో తుడిచి అరసున్న చేతిలో పెట్టాడు. ఆ తువ్వాలు అదే. కింద గోదాములో వెయ్యి పుస్తకాల్లోనూ ఆ పేజీ ఉంది, ఏం చేద్దామమ్మా అని అడిగాడు. ఆ పేజీ కత్తిరించి తగలబెడదాం బాబాయ్, మిగతా ఆట పిల్లలు ఆడుకోవచ్చు అంది అరసున్న. తన గొంతుతోనే.

కిందికి వచ్చాక ఆమె అక్క బల్ల దగ్గర ఆగింది. మూడు నెలలుగా ఎవరూ కూర్చోని కుర్చీ. దాన్ని కొంచెం వెనక్కి జరిపింది, మనిషి లేవడానికి చోటిచ్చినట్టు.

"పద అక్కా," అంది. "మనం ఇంటికి వెళ్దాం."